కిటికీ పక్క స్టూలు

పొద్దున్నే వెల్లకిలా పడుకుని అరచేత్తో నొక్కితే, గజ్జలోని వాపు గుడగుడమంటూ లోపలికి పోయేది. పదకొండేళ్ళుగా అదే అలవాటు. ఆపైన నాలుగు మడతల గుడ్డ అక్కడ అదిమి, నడుముకు కట్టుకుని పనికి వచ్చేది పెద్దకోడలు. ఇంట్లో పెద్దకోడలు కాబట్టి లాండ్రీలోనూ అదే పేరు. నిన్నటి నుంచి మాత్రం ఆ వాపు పోవడం లేదు, గట్టిపడి కూర్చుంది. అయినా గుడ్డ కట్టుకునే వచ్చింది.

లాండ్రీ ఆస్పత్రి అడుగు అంతస్తులో ఉంది. తడి దుప్పట్ల గంపలు ఈడ్చడం, ఇస్త్రీ చేసి మడిచి ఎత్తడం ఆమె పని. ఇరవై రెండేళ్ళు నిలబడే చేసింది. ఆమె మడిస్తే అంచుకు అంచు పిసరు తేడా ఉండదు. ఆ మాట ఒక్కరైనా పైకి అన్న పాపాన పోలేదు.

కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని దిండు గలేబులు మడతపెడుతోంది చిన్నకోడలు, అంటే ఆమె తోటికోడలు. ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించింది పెద్దకోడలే. రెండేళ్ళు తిరక్కుండానే ఆ మహాతల్లికి గజ్జలో గోలీకాయంత ఉబ్బు లేచింది. ఆడవాళ్ళకు అరుదుగా వచ్చే నీటితిత్తి అట! డాక్టర్లు గుంపుగా వచ్చి చూశారు, కోసి తీశారు, బరువులెత్తొద్దని చీటీ రాశారు. లాండ్రీ మేస్త్రీ స్వయంగా స్టూలు తెచ్చి వేశాడు. ఇంట్లో మరిది ఆవిడగారిని నీళ్ళ బిందె కూడా ముట్టనివ్వడు.

పదకొండేళ్ళ వాపుకు గుడ్డముక్క, పదకొండు రోజుల ఉబ్బుకు స్టూలు. పెద్దకోడలికి కడుపు రగిలిపోయేది. కానీ అడిగితే, చిన్నదాన్ని చూసి నటిస్తోందంటారు. చస్తే అడగదు. అయినా తనదీ నీటితిత్తే అయ్యుంటుంది, దానితో ప్రమాదం లేదన్నారుగా.

మధ్యాహ్నం పక్కకు వెళ్ళి పసరు వాంతి చేసుకుని వచ్చింది. చిన్నకోడలు చూసింది.

"ఏంటక్కా, మొహం అలా పీక్కుపోయింది? నాకొచ్చినట్టేమన్నా వచ్చిందా?"

"నాకేం రోగం? నీలాగా సుకుమారంగా పెరిగానా?"

"అది కాదక్కా. నాది పడుకున్నా అలాగే ఉండేది. పడుకుంటే లోపలికి పోయేదైతే హెర్నియా అన్నాడు డాక్టరు. ఆడవాళ్ళకీ వస్తుందట. అది లోపలికి పోవడం మానేస్తే పేగు చిక్కుకున్నట్టేనట, ఆ పూటే రావాలన్నాడు. నీకేమన్నా ఉంటే చెప్పు, పైకి తీసుకెళ్తా. పోనీ, కాసేపు ఈ స్టూలు మీదన్నా కూర్చో."

ఇస్త్రీపెట్టె మీద పెద్దకోడలి చెయ్యి ఆగింది. భయం వేసింది. నాలుగు మెట్లెక్కితే డాక్టరు. కానీ దీని వెనకాల నడుస్తూ వెళ్ళాలా? ఆ స్టూలు దీని దయతో రావాలా?

"నీ స్టూలు నాకెందుకులే. నువ్వే చల్లగా కూర్చో."

ఇంకో పదిహేడు దుప్పట్లు ఇస్త్రీ చేసి మడిచింది. పద్దెనిమిదోది సగం మడతలో ఉండగా బల్ల పట్టుకుని కిందికి జారిపోయింది. చిన్నకోడలు చీటీలో రాసింది మరిచిపోయి, ఆమెను రెండు చేతులా ఎత్తుకుంది.

పైన కోశారు. పేగు నల్లబడిపోయిందన్నారు. మూడో రోజు పొద్దున పెద్దకోడలు పోయింది.

కొన్నాళ్ళకు చిన్నకోడలు పనిలోకి వచ్చింది. వార్డు నుంచి దిగిన మాసిన బట్టల మూటలో దొరికిందని, ఎవరిదో తెలియలేదని మేస్త్రీ ఒక గుడ్డ ఇచ్చాడు. అంచుకు అంచు, నాలుగు మడతలు. ఆమెకు చూడగానే అంతా అర్థమైంది. ఏడుస్తూనే ఉతికింది, ఇస్త్రీ చేసింది. స్టూలును ఎత్తి ఇస్త్రీబల్ల ముందు వేసి, దాని మీద పెట్టింది. ఎంత ఇస్త్రీ చేసినా గుడ్డ నడుమ చిన్న గుంట మాత్రం పోలేదు.