తిట్టు కాదన్న మాట

శంకరమ్మ ఆ మాటను నెలల తరబడి నెత్తిన పెట్టుకుని ఊరేగింది. ఒళ్లు మండిపోయే సంగతి అదే. ఎవడో తిట్టాడన్నది తర్వాతి విషయం. తిట్టాడని తెలియక తను మురిసిపోయింది చూడండి, దాన్ని మాత్రం ఆమె ఈ జన్మలో మరిచిపోయేలా లేదు.

పెనుకొండలో పెళ్లి పందిరి అంటే, వాళ్ల మాటలో చప్పరం అంటే, శంకరమ్మే. మొగుడు ఎర్రిస్వామి బతికున్నన్నాళ్లూ వెదురు బొంగులతో, కొబ్బరి మట్టలతో వేసేవాడు. ఆయన పోయాక ఆమె ఇనుప పైపులు, రంగు గుడ్డలు, సీరియల్ లైట్లు, మైకు సెట్టు, పూల ఆర్చీలు సమకూర్చుకుని, కొడుకు మంజును పక్కన పెట్టుకుని, అటు హిందూపురం ఇటు ధర్మవరం దాకా పనులు పట్టుకుంది. మంజు జుట్టుకు రాగి రంగు, చెవికి పోగు, కాళ్లకు అతుక్కుపోయిన ప్యాంటు. వీధి మొదట్లో ఉండగానే ఇంట్లోకి వినపడే బండి. షోకు చేస్తే చేశాడు గానీ, పైపు భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కితే వాడి పనికి వంక పెట్టిన వాడు లేడు.

హిందూపురంలో ఒక పెళ్లికి చప్పరం వేస్తున్నప్పుడు, ధర్మవరం నుంచి ఆ పెళ్లికి వచ్చిన కేశవ అనే కుర్రాడు, నిచ్చెన మీద పాటకు ఊగుతున్న మంజును ఫోన్లో వీడియో తీశాడు. కేశవ తండ్రి నారాయణస్వామికి ధర్మవరంలో పట్టుచీరల అంగడి. కొడుకు ఆ చీరలకు రీల్స్ చేసి చేసి నలుగురికీ తెలిసిన మొహమయ్యాడు. వీడియో కింద 'పెనుకొండ ఛప్రి' అని రాసి వదిలాడు. లక్షల మంది చూశారు. ఆ తర్వాత టీ అంగడి దగ్గర, బస్టాండులో, ఆఖరికి పనికి వెళ్లిన పెళ్లిళ్లలో కూడా మంజును "ఏమబ్బా ఛప్రీ" అని పిలవడం మొదలైంది. పిలిచిన ప్రతివాడికీ మంజు నవ్వి చెయ్యి ఊపేవాడు.

మరి శంకరమ్మకు ఆ మాట ఎలా వినపడిందంటే, చప్పరం వేసేవాడు కాబట్టి చప్రి. కుండలు చేసేవాడికి ఒక పేరు, మగ్గం నేసేవాడికి ఒక పేరు ఉన్నప్పుడు చప్పరం వాళ్లకు మాత్రం ఉండకూడదా? అదీగాక కొడుకు నవ్వుతూ పలుకుతున్నాడాయె. ఆమెకు అనుమానం ఎందుకు వస్తుంది? పని మాట్లాడుకోవడానికి వచ్చిన వాళ్లతో "మేము చప్రీలమప్పా, మా మాదిరి ఇంగెవురూ వేయలేరు" అనేది. వాళ్లు పమిటలు, కండువాలు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. అంతటితో ఊరుకుందా? సోమందేపల్లిలో పెయింటరు పుల్లన్న దగ్గరికి సామాను మోసే తమ టెంపోను తీసుకెళ్లి, వెనకాల 'మేమే ఛప్రీలు' అని పసుపు రంగుతో రాయించింది. పుల్లన్న బ్రష్షు పట్టుకుని ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు, మాట్లాడకుండా రాసేశాడు. దొంగ సచ్చినోడు, ఒక్క మాట చెప్పి ఉంటే వాడి సొమ్మేం పోయేది?

చివరికి చెప్పింది ఎదురింటి శైలజ. డిగ్రీ చదివే పిల్ల. ఆ రాత చూసి ఆమెను పక్కకు పిలిచింది.

"పెద్దమ్మా, ఎవురు చెప్పినారు నీకు ఇది మంచి మాటని? చప్పరం వేసేటోడని గాదు ఇప్పుడు దీన్ని వాడేది. యాడిదో ఉత్తరాది మాట. కూటికి గతిలేకున్నా షోకులు పడేటోడు, నలుగుర్లో నిలబడే అర్హత లేనోడు అని అర్థం."

శంకరమ్మకు తల కొట్టేసినట్టయింది. తడిగుడ్డ పట్టుకుని టెంపో వెనక పసుపు అక్షరాలు రుద్దింది. రంగు పోదే. కిరసనాయిలు పోసి రుద్దింది, గోళ్లతో గీకింది. మంజు వచ్చేసరికి ఆమె వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి.

"నీకు తెలుసా రా దీని అర్థం?"

వాడు నవ్వాడు. "తెలుసు లేమా."

"మల్ల యాల చెప్పలేదు?"

"నువ్వు సంబరపడ్తాంటివి గదా."

ఆ నవ్వు చూసి ఆమె తడిగుడ్డ విసిరికొట్టింది. కోపం వాడి మీద కాదు. వీడు చిన్నప్పుడు ఎవరైనా ఒక్క మాటంటే రాయి తీసుకుని వెంటపడేవాడు. ఇప్పుడు ఊరంతా తిడుతుంటే పళ్లు కనపడేలా నవ్వుతున్నాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని నేర్చుకున్నాడు. బిడ్డకు ఆ నవ్వు నేర్పిన వాడి నోటితోనే, అది తిట్టని, పదిమందిలో చెప్పించాలి. శంకరమ్మకు కావలసింది అదొక్కటే.

సంజీవప్ప అనే పెద్దమనిషిని వెంటబెట్టుకుని ధర్మవరం అంగడికి వెళ్లింది. నారాయణస్వామి మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు, కొడుకును పిలిపించాడు. కేశవ వచ్చి చీరల మధ్య కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"పెద్దమ్మా, అది తిట్టు గాదు. స్టైలు పేరు. ట్రెండు. రంగు జుట్టు, సౌండు బండి ఉండేటోళ్లను అట్లంటారు. సిటీలో అందురూ అనుకుంటారు. నన్నే మా ఫ్రెండ్సు అంటారు, నేనేమన్నా అనుకుంటానా?"

"నిన్ను అన్నా ఏమీ అనుకోవా?"

"యాల అనుకుంటా? తిట్టయితే గదా."

సంజీవప్ప గడ్డం గోక్కున్నాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం, ఆ మాట ఆయన పుట్టి బుద్ధెరిగి వినలేదు. "తిట్టు గాదంటాండాడు గదమ్మా, ఇంగ పోనీలే" అన్నాడు. నారాయణస్వామికి ప్రాణం కుదుటపడింది. "మావోని పెండ్లి కుదిరిందమ్మా, హిందూపురం పిల్ల. ఇంటి ముందర పాతకాలం మాదిరి వీధంతా చప్పరం వేయించల్లని నా ఆశ. ఎర్రిస్వామి ఉన్నింటే ఆయప్పే వేసుండు. మనసులో ఏం పెట్టుకోకుండా నువ్వే వెయ్యి" అన్నాడు.

"నేనే వేస్తానప్పా" అంది శంకరమ్మ. అంత సులువుగా ఒప్పుకుందేమిటని సంజీవప్ప దారి పొడుగునా ఆమె వంక చూస్తూనే ఉన్నాడు. ఆమె మాత్రం బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మొహం చల్లగా ఉంది.

ఆ వైపు చప్పరానికి ఒక కట్టుబాటు ఉంది. కట్టిన చెయ్యే విప్పాలి. తాళి పడేదాకా వేరేవాళ్లు ఒక్క ముడి ముట్టుకున్నా ఆ సంసారం నిలవదని నమ్మకం. అందుకే చప్పరం వేసే వాళ్లకు ముందు తాంబూలం ఇస్తారు, పెళ్లి అయ్యేదాకా వాళ్లను నొప్పించరు. నారాయణస్వామి భార్య సరోజమ్మ తన చేతులతోనే శంకరమ్మకు ఆకువక్క ఇచ్చి బొట్టు పెట్టింది. శంకరమ్మ పుచ్చుకుంది. కడుపులో కత్తి పెట్టుకుని తాంబూలం పుచ్చుకోవచ్చా అంటారేమో, ఆమె కొడుకు నవ్వు మీరు చూడలేదు.

చప్పరం మాత్రం వంక లేకుండా వేసింది. పనిలో మోసం చేసే రకం కాదు. పచ్చని మట్టలు కప్పింది, మామిడాకులు కట్టింది, వీధి మొదట్లో పెద్ద ఆర్చి నిలబెట్టింది. దాని మీద బంగారు కాగితం అతికిన థర్మకోల్ అక్షరాలతో ఒకవైపు కేశవ, ఇంకోవైపు అశ్విని. పెళ్లి పొద్దున ఆడపెళ్లివాళ్ల బస్సు రైల్వే గేటు దాటిందని కబురు వచ్చింది. మంజును జనరేటరుకు డీజిల్ తెమ్మని పంపింది. సంచిలో దాచిన రెండు అక్షరాలు తీసి, నిచ్చెన ఎక్కి, కేశవ పేరుకు ముందు కట్టింది. హిందూపురంలో విడిగా చేయించినవి. మిగతా వాటికంటే కొంచెం పెద్దవి కూడా.

మేళం మోగుతుండగా ఆడపెళ్లివాళ్లు బస్సు దిగారు. ఎదురుకోలుకు నారాయణస్వామి దంపతులు, పక్కన బాసికం కట్టుకున్న కేశవ నిలబడ్డారు. పెళ్లికూతురు అశ్విని తలెత్తి ఆర్చి చూసింది. అక్కడే ఆగిపోయింది. వెనకాల కుర్రవాళ్లు గట్టిగా చదివారు: "ఛప్రి కేశవ." ఒకడు కిసుక్కుమన్నాడు, ఇంకొకడు ఫోన్ తీశాడు, అంతే, వీధంతా నవ్వు.

"ఏమి రాసినారే ఆడ?" అంది అశ్విని అవ్వ తిప్పమ్మ. ఆమెకు చదువు రాదు.

"ఆయన్నే అడుగవ్వా" అంది అశ్విని.

కేశవ మొహం మాడిపోయింది. "ఎవురు పెట్టింది? తీయండి ముందు" అని అరిచాడు. ఇద్దరు బంధువులు నిచ్చెన వైపు పరిగెత్తారు. సరోజమ్మ వాళ్ల చొక్కాలు పట్టుకుని వెనక్కి లాగింది. "చప్పరం మింద చెయ్యి వేయొద్దు రా, మీకు పుణ్యముంటుంది" అని ఏడుపు గొంతుతో అంది.

శంకరమ్మ ఆర్చి పక్కనే నిలబడి ఉంది. నారాయణస్వామి ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఏమమ్మా ఇది? అన్నం పెట్టేకాడ ఇట్లా అవమానం చేస్తారా?"

"అవమానమా?" అంది శంకరమ్మ. "స్టైలు పేరంట గదప్పా. నీ అంగట్లో, నీ ముందరే చెప్పె గదా నీ కొడుకు. తన్ను అన్నా ఏమీ అనుకోనన్నాడు. పెండ్లికొడుకు గదా అని ముచ్చటపడి నేనే చేయించినా."

నారాయణస్వామి కొడుకు వైపు చూశాడు.

"తీసేయ్ పెద్దమ్మా" అన్నాడు కేశవ.

"తీస్తా. యాల తీయల్లనో చెప్పు. తిట్టు గాకుంటే ఉండనీ. తిట్టయితే ఇప్పుడే తీస్తా." మైకు తీసి అతని చేతిలో పెట్టింది. "మావోని పేరు లక్షల మందికి చెప్తివి. దీన్ని ఈ వీధికి చెప్పు చాలు."

కేశవ మైకు కిందికి దించి పట్టుకున్నాడు. పురోహితుడు ముహూర్తం దగ్గర పడుతోందని తొందరపెట్టాడు. ఆర్చి దాటి లోపలికి రావడానికి ఆడపెళ్లివాళ్లు ఒక్కరూ కదలలేదు. తిప్పమ్మ చేతికర్ర నేలకు ఆనించి, "చెప్పు నాయనా, నా మనమరాల్ని ఏ పేరోనికి ఇస్తాండామో నాకు తెలియల్ల గదా" అంది.

"తిట్టు" అన్నాడు కేశవ.

"మైకు నోటి కాడ పెట్టుకో" అంది శంకరమ్మ.

"తిట్టే." ఆ గొంతు వీధి చివరిదాకా పోయింది. "గతిలేనోడు, పనికిమాలినోడు అని. తెలిసే పెడితిని. నలుగురూ నవ్వల్లనే పెడితిని."

అంతసేపూ నవ్విన వాళ్లు ఇప్పుడు నవ్వలేదు. అశ్విని అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. శంకరమ్మ నిచ్చెన ఎక్కింది. ముడి ఊడి రాలేదు, పంటితో కొరికి తెంపింది. ఇంత తియ్యటి రోజు ఆమెకు ఎర్రిస్వామి పోయాక రాలేదు. రాలేదంటే రాలేదు, ఎవరేమనుకుంటే ఆమెకేమిటి?

"ఆ పిల్లోడు యాడుండాడు?" అంది తిప్పమ్మ కింద నుంచి. "పెండ్లికొడుకా, ఆ పిల్లోని చెయ్యి పట్టుకొని తప్పయిందని చెప్పిరాపో. ఆమీదటనే మేము లోపలికి వస్తాము."

మంజు డీజిల్ క్యానుతో జనరేటరు పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. కేశవ పట్టుపంచె ఎత్తిపట్టుకుని అతని దగ్గరికి వెళ్లాడు. జనమంతా అటు తిరిగారు.

"మంజూ, తప్పయిపాయ."

మంజు నవ్వాడు. అదే నవ్వు. "అయ్యో, దాందేముందన్నా, తమాషాకే గదా. నేనేమీ అనుకోలేదు. పోన్నా, పోన్నా" అని చెయ్యి ఊపాడు.

నిచ్చెన మీద శంకరమ్మ చేతిలోని అక్షరాలు జారి కింద పడ్డాయి. ఇంత చేసింది ఈ మాట వినడానికా?

"నవ్వొద్దు రా" అంది.

మంజు పైకి చూశాడు.

"నిన్ను తిట్టినాడు. ఆయప్పే చెప్పె, తిట్టని. తిట్టినోని మొకం చూసి నవ్వొద్దు నాయనా."

వాడు ఇంకో క్షణం నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత పెదవులు మూసుకున్నాయి, మళ్లీ నవ్వబోయాయి, రాలేదు. క్యాను కింద పెట్టి, వైరు చుట్ట మీద కూలబడి, అంత మందిలో, చిన్నపిల్లవాడు ఏడ్చినట్టు గొంతెత్తి ఏడ్చాడు. నెలల తరబడి మింగిందంతా వాడి గొంతులోంచి బయటికి వచ్చింది. మేళం వాళ్లు సన్నాయి దించారు.

శంకరమ్మ నిచ్చెన దిగి వచ్చి కొడుకు తల తన కడుపుకు ఆనించుకుంది. కేశవ ఎదురుగా నిలబడి ఉన్నాడు. వెళ్లాలో ఉండాలో అతనికి తెలియలేదు. బాసికం కింద మొహమంతా చెమట.

"చూసినావా?" అందామె.

"చూస్తి పెద్దమ్మా."

"బాగ చూసుకో. ఈ తూరి వీడియో తీసేది మర్చిపోతివి." కొడుకు తల నిమురుతూనే ఆర్చి వైపు చెయ్యి చూపించింది. "ఇంగ పో. పోయి పెండ్లి చేసుకో."