ఎదురు నడక

నేను లెక్కల మాష్టారిని. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళు ఎక్కడ కలుస్తాయో తల నెరిసేదాకా పిల్లలకి చెప్పినవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పేస్తే నయం, తర్వాత మీరు మొహమాటం లేకుండా నవ్వుకోవచ్చు.

మా ఊరి పక్కన నది సముద్రంలో కలుస్తుంది. రెండు గట్ల మీదా కాలిబాట ఉంది. సముద్రం దగ్గర ఒక పడవ, ఎగువన పాత రేవు దగ్గర ఇంకో పడవ జనాన్ని దాటిస్తాయి. ఒక గట్టు మీద నడిచి, పడవ దాటి, అవతలి గట్టు మీద నడిచి, రెండో పడవ ఎక్కితే మళ్ళీ ఇంటి దగ్గర తేలతాం. ఆదివారం పొద్దున్నే అన్నయ్యా నేనూ ఆ చుట్టు తిరిగేవాళ్ళం.

అన్నయ్య చేపల రేవులో వేలం వేస్తాడు. ఆయన రహస్యం చెప్పినా పక్క వీధిలో కుక్కలు లేస్తాయి. ఆ గొంతే ఆయనకి అన్నం పెట్టింది, నన్నూ చదివించింది.

మాకు గొడవ ఎందుకొచ్చిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. చుట్టు ఎటునుంచి మొదలుపెట్టాలన్న దాని మీద వచ్చింది. పోటు రాకముందే సముద్రం దగ్గర పడవ దాటెయ్యాలని ఆయన. ముందు ఎగువకి వెళ్తే ఎండ మొహాన కొట్టదని నేను. ఒకరోజు ఇంటి ముందే మాటా మాటా పెరిగింది.

"నీ దారి నీది, నా దారి నాది పో!" అన్నాడు.

"అలాగే కానీ," అన్నాను.

అంతే, మాటలు బంద్. నడక మాత్రం ఇద్దరం మానలేదు. ఒకరి మొహం ఒకరు చూడకూడదని ఆయన అటు, నేను ఇటు. "ఒకే చుట్టు మీద ఎదురుబొదురుగా తిరుగుతూ ఎదురుపడకుండా ఎలా ఉంటారండీ?" అని మా ఆవిడ అడిగేదాకా నా బుర్రకి తట్టలేదు. తట్టాక కూడా నేను దారి మార్చలేదు. ఎందుకని నన్నడక్కండి.

అవతలి గట్టు మీద ఒక పిల్లకాలువ, దాని మీద ఒక మనిషి పట్టేంత చెక్క వంతెన ఉన్నాయి. ప్రతి ఆదివారం సరిగ్గా అక్కడే తగులుకునేవాళ్ళం.

"కొంతమంది ఎండ తగిలితే కరిగిపోతారు," అనేవాడు అన్నయ్య, నీళ్ళకేసి చూసి.

"కొంతమందికి పడవ కాస్త ఊగితే గుండె జారిపోతుంది," అనేవాణ్ణి, వంతెన కమ్మీతో.

తర్వాత పొట్టలు లోపలికి పీల్చుకుని, పక్కకి తిరిగి, ఒకరినొకరు రాసుకుంటూ దాటేవాళ్ళం. నిజం చెప్పాలంటే వారమంతా ఆ ఒక్క ముక్క కోసమే చూసేవాణ్ణి.

మొన్న శనివారం వదిన మా ఇంటికొచ్చింది.

"ఎల్లుండి మీ అన్నయ్యకి ఆపరేషన్. గొంతులో గడ్డట. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. మాట సంగతి మాత్రం చెప్పలేనన్నాడు. గట్టిగా మాట్లాడొద్దంటే ఈ మనిషి వింటేనా! రేపు నడకకీ వెళ్తాడట. నువ్వే పలకరించరాదూ, నీ సొమ్మేం పోయింది?"

నా సొమ్మేం పోదు.

తెల్లారి గడ్డం గీసుకుంటూ నిశ్చయించుకున్నాను. ఇవాళ ఆయన దారిలోనే నడుస్తాను, ఓడిపోయానని నా కాళ్ళే చెప్తాయి. అద్దంలో నా మొహం నాకే మహా గొప్పగా కనిపించింది.

సముద్రం దగ్గర పడవవాడు వింతగా చూశాడు. "ఇటొచ్చారేంటి మాష్టారూ? మీ అన్నగారు ఇందాకే దాటారు."

"తెలుసు," అన్నాను దర్జాగా.

అప్పటికే పోటు మొదలైంది. పడవ ఊగిన ఊపుకి నా దర్జా అంతా కడుపులోంచి గొంతులోకొచ్చింది. అన్నయ్య చెప్పింది నిజమేనని దేవుడి మీద ఒట్టేసి ఒప్పుకున్నాను.

చెక్క వంతెన చేరి, గొంతు సవరించుకుని, నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాను. అన్నయ్య రాలేదు. నవ్వు అలాగే పట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాను. దవడలు నొప్పెట్టాయి గానీ మనిషి జాడ లేదు.

అప్పుడు వెలిగింది. ఒకే దారిలో ముందెళ్ళిన రైలుకి వెనకొచ్చే రైలు ఎలా ఎదురుపడుతుంది? ఐదో తరగతి పిల్లాడు కూడా నవ్వే లెక్క. ఎదురెదురుగా తిరిగినన్నాళ్ళూ వద్దన్నా కలిశాం. కలుద్దామని బయల్దేరిన రోజున నా చేతులారా తప్పించుకున్నాను. రేపటి తర్వాత ఆ గొంతు ఉంటుందో ఊడుతుందో!

పరుగెత్తాను. నా పరుగు చూసి గట్టు మీద కొంగలు కూడా లేవలేదు. చెప్పు తెగింది, చేత పట్టుకుని పరుగెత్తాను. అన్నయ్య పడవెక్కేశాడంటే ఇల్లు చేరేస్తాడు, ఇంట్లో ఆపరేషనని వచ్చిన చుట్టాల మధ్య మా ఇద్దరికీ నోరు పెగలదు. నా సంగతి నాకు తెలుసు, ఆయన సంగతీ తెలుసు.

పాత రేవు మలుపు తిరగ్గానే ఆ గొంతు వినిపించింది.

అన్నయ్య నీళ్ళ అంచున నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. పడవవాడు తెడ్డు పట్టుకుని ఆయన ఎక్కుతాడేమోనని చూస్తున్నాడు.

"మాష్టారు ఇవాళ ఇటు దాటనే లేదండీ. ఒంట్లో బాలేదేమో," అంటున్నాడు.

"వాడు రాకపోవడమేంటయ్యా!" అని అన్నయ్య చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అవతలి గట్టుకేసి అరిచాడు. "ఒరేయ్ చిన్నోడా! ఎక్కడున్నావురా!"

కమ్మీకీ కాదు, నీళ్ళకీ కాదు, నాకే. గొంతు మధ్యలో జీరపోయింది. దగ్గి, మళ్ళీ అందుకున్నాడు. "నువ్వు చెప్పిన దారే మంచిదిరా! రారా బాబూ!"

పడవవాడు నన్ను చూసి నోరు తెరవబోయాడు. నేను పెదాల మీద వేలు పెట్టాను.

పలకాలి. ఆయన అరవకూడదు, డాక్టరు మరీ మరీ చెప్పాడు. భుజం మీద చెయ్యేస్తే చాలు, ఆపేస్తాడు. ఆపేస్తాడనే చెయ్యి వెయ్యలేకపోయాను. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి కూడా కదలకుండా, తెగిన చెప్పు పట్టుకుని, ఇంకొక్కసారి పిలుస్తాడేమోనని నిలబడ్డాను.