సముద్రపు బక్కయ్య

సముద్రం అడుగు బురద కంపు ఎట్లుంటుందో మహబూబ్‌నగర్ వాళ్లకు తెలియాల్సిన ఖర్మ లేదు. నాకు మాత్రం పట్టింది. అరవై నాలుగులో బంగాళాఖాతంలో తిరిగిన ఓ ఓడ తోడిన బురద, ఎండి గడ్డకట్టి, సీసాల్లో మా కాలేజీకి వచ్చింది. నీళ్లు పోస్తే కుళ్లిన గుడ్డు వాసన. దాన్ని సన్న జల్లెడలో కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి, తడి కుంచెతో చిప్పలు ఏరాలి. రొయ్యల జాతి పురుగుల చిప్పలవి, నువ్వుగింజలో సగం కూడా ఉండవు. పురుగు ఏనాడో చచ్చి, ఖాళీ చిప్ప మిగులుతుంది, గరుకుగా, గుంటలు గుంటలుగా. ఏది ఏ రకమో తేల్చి పేరు రాయాలి. ఇంటికెళ్లి ఎన్నిసార్లు చేతులు కడిగినా అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబుద్ధి అయ్యేది కాదు.

అయినా చేశాను. నేను టెంపరరీ డెమాన్‌స్ట్రేటర్‌ను. జూన్‌లో కొలువు నిలవాలంటే మా లెక్చరర్ భిక్షపతి సారు నా గురించి మంచిమాట రాయాలి.

ఒకరోజు ఆయన గంతేసినంత పని చేశాడు.

"శ్యామలమ్మా! కొత్త రకం దొరికింది. లోకంల ఎవ్వరు చూడలే. దీనికి మా మామ బక్కయ్యగారి పేరు పెడ్త. కాయితం మీద నీ పేరు గూడ ఏస్త."

చూశాను. చిక్కుడు గింజలా నున్నగా ఉంది. పైగా లోపల కాళ్లున్నాయి. ఎండిన బురదలో కాళ్లెక్కడివి? అనుమానమొచ్చి, బురద కడగడానికి నీళ్లు ముంచుకునే కుండలోంచి కాసిని నీళ్లు గాజు గిన్నెలో పోసి చూశాను. బక్కయ్యగారు బతికే ఉన్నారు, హుషారుగా ఈత కొడుతున్నారు! మేం తాగేదీ ఆ కుండ నీళ్లే, ఆయా సైదమ్మ దిగుడుబావి నుంచి తెచ్చేవి.

"సారూ, ఇది మన బావి పురుగు" అన్నాను.

"సముద్రం సంగతి నీకేం ఎరుక? చెప్పిన పని చెయ్యి."

పోనీలే, తెలియక అంటున్నాడు అనుకున్నాను.

ఎండాకాలంలో, కొత్త రకం గురించి సారు రాసిన ఆ కాయితం చూసి అచ్చుకు పంపడానికి హైదరాబాదు నుంచి పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. వస్తూనే మంచినీళ్లడిగాడు. భిక్షపతి సారు గుమ్మం దాకా ఉరికి సైదమ్మతో గుసగుసగా అన్న మాట నా చెవిన పడింది.

"గుడ్డ రెండు మడతలేసి వడగట్టు. గా పురుగు గ్లాసుల పడొద్దు."

తెలుసు! వీడికి అన్నీ తెలుసు! బురద కంపే నయమనిపించింది నాకు.

కుండ నీళ్లు గిన్నెలో తెచ్చి ప్రొఫెసరు ముందు పెట్టాను. "సారూ, కొత్త రకం చూసినంక గీ నీళ్లు గూడ జర చూడుండ్రి."

ఆయన రెండూ చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "రెండు ఒక్కటే" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఏంది? పెద్దమనిషి పేరు పెట్టినంక లొల్లి ఎందుకమ్మా? సముద్రం అడుగుకు పోయి ఎవరు చూస్తరు?" అని ప్రొఫెసరు సంతకం పెట్టేశాడు. వడగట్టిన నీళ్లు గటగటా తాగేశాడు.

థూ, అనిపించింది. "నా పేరు కొట్టేయుండ్రి" అన్నాను. భిక్షపతి సారు కలం తీసి కొట్టేశాడు. ఆ గీతతోనే నా జూన్ కొలువూ పోయింది.

బయట సైదమ్మ వడగట్టిన గుడ్డను గోడకేసి కొడుతోంది.

"మెల్లగ కొట్టు సైదమ్మా," అన్నాను. "అండ్ల సారోళ్ల మామ ఉన్నడు."