పై అంతస్తుకే

"లోపలికి జరగండి, ఇంకొకరు పడతారు," అంటూ లిఫ్టాయన కటకటాల తలుపు లాగాడు. పెళ్ళైన ఏడాది ఈ స్టూలెక్కాడు. ఇప్పుడు మనవరాలు బడికెళ్తోంది. ఇన్నేళ్ళూ ఎక్కడం, దిగడమే గానీ వెళ్ళిందెక్కడికని? గానుగెద్దుకైనా కాస్త గాలి తగులుతుంది.

మధ్యాహ్నం టీ అక్క ఒక్కతే ఎక్కింది. ఆఫీసులన్నిటికీ టీ పోసేది ఆవిడే. ఆయన్ని ఆటపట్టించందే ఆవిడకు పూట గడవదు.

"ఏం తమ్ముడూ, ఇవాళైనా ఊరు దాటావా?"

"నువ్వెక్కాక బండి కదలడమే గొప్పక్కా!"

నవ్వబోయి ఛాతీ పట్టుకుంది. ముఖమంతా చెమటలు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయింది.

ఆయన ఆవిణ్ణి గోడకానించి, మోకాళ్ళు మడిచి కూర్చోబెట్టాడు. "మాట్లాడకు, మెల్లగా ఊపిరి తీసుకో." ఎప్పుడో ప్రథమచికిత్స శిక్షణలో బొమ్మ మీద నేర్పిన పాఠం; మనిషి మీద ఇదే మొదలు. కటకటాల్లోంచి అరిచాడు: "వాచ్‌మన్! అక్కకి గుండెనొప్పి! అంబులెన్సుకి ఫోన్ చెయ్!"

వాచ్‌మన్ ఫోన్ చేస్తూనే మేడమీదికి పరిగెత్తాడు. కరెంటు పోతే అక్కడి చక్రాన్ని చేత్తో తిప్పి లిఫ్టును కదపాలి. ఎప్పుడు ఆగినా యజమాని గదున్న పై అంతస్తుకే చేర్చడం ఇక్కడి ఆనవాయితీ. కంగారులో చేతులు అలవాటు ప్రకారమే తిప్పాయి. లిఫ్టు జానెడు జానెడు పైకే పాకింది.

"కిందికి తిప్పరా నాయనా, కిందికి!" లిఫ్టాయన గొంతు చించుకున్నాడు. చక్రం మోతలో ఆ కేక వాచ్‌మన్‌కి వినిపించనే లేదు.

అక్క తల వాల్చేసింది. పిలిస్తే పలకలేదు, ఊపిరి లేదు. పడుకోబెడదామంటే చోటేది? స్టూలు మూలకు నెట్టి, ఆవిడ కాళ్ళు గోడకు చేరవేసి వెల్లకిలా పడుకోబెట్టాడు. నోట్లో జారిన పళ్ళ సెట్టు తీసి పక్కన పెట్టాడు. ఛాతీ నడుమ చెయ్యి మీద చెయ్యి వేసి గబగబా నొక్కాడు. "లే అక్కా, నన్నొదిలేసి పోకు," అంటూ ఏడుస్తూనే నొక్కాడు. ఈ పెట్టెలో ఆవిడ గాక తనతో మాట్లాడిందెవరు? మిగతావాళ్ళంతా అంతస్తు చెప్పి గోడకేసి చూసేవాళ్ళే.

పై అంతస్తులో తలుపు తెరుచుకుంది. కింద కాచుకున్న అంబులెన్సువాళ్ళు మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చారు. తామూ చేయగలిగిందంతా చేసి చూశారు.

"పోయింది పెద్దాయనా," అన్నాడు వాళ్ళలో ఒకడు మెల్లగా.

ఆవిణ్ణి మెట్ల మీదుగానే దించుకుపోయారు.

కరెంటు వచ్చింది. కిందినుంచి ఎవరో పిలుపుగంట ఆపకుండా మోగిస్తున్నారు. వెళ్ళక తప్పుతుందా? దించాడు. జనం తోసుకుంటూ ఎక్కారు. "ఎంతసేపండీ బాబూ!" అని ఒకావిడ విసుక్కుంది. స్టూలు పక్కన, ఎవరూ తొక్కకుండా ఆయన కాలు అడ్డం పెట్టిన చోట, టీ అక్క పళ్ళ సెట్టు ఉంది.