పెరట్లో గోల్ చావడి

గులాబీ పాదులు తడిశాయి, మెట్ల మీది క్రోటన్ కుండీలు తడిశాయి, ఇక వట్టివేళ్ల తడకలు మిగిలాయి. రేవణప్ప కావడి దించి, చెంబు ముంచి, కిటికీలకు వేలాడుతున్న తడకల మీద నీళ్లు చల్లసాగాడు. తడక తడిస్తే లోపలున్న వాళ్లకు చల్లగాలి, బయట నిలబడ్డవాడికి ఉత్త వాసన. బొంబాయి రోడ్డు పక్కనున్న ఆ ముసాఫిర్ బంగ్లాలో మాలీగా చేరిన నాటి నుంచీ ఆయన వాటా ఆ వాసనే. దాని మీద ఆయనకు ఫిర్యాదేమీ లేదు.

అసలు పేరు రేవణసిద్ధప్ప. అంత పేరు పిలిచే ఓపిక జహీరాబాదులో ఎవరికీ లేక రేవణప్ప అయ్యాడు. పొట్టి మనిషి. కావడి మోసి మోసి ఎడమ భుజం కుడిదానికంటే కిందికి జారింది. అంగీ ఎంత సరిగ్గా తొడిగినా ఒక పక్క వేలాడుతుంది. నుదుటి విభూతి పొద్దు పొడవకముందే చెమటకు కరిగిపోతుంది. మెడలో వెండికాయలోని లింగం వంగినప్పుడల్లా బయటికి జారుతుంటే, మళ్లీ అంగీలోకి వేసుకోవడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ముప్పై ఏళ్లలో ఆ బంగ్లాకు వచ్చిపోయిన పెద్దమనుషుల్లో ఆయన ముఖం గుర్తున్నవాడు ఒక్కడూ ఉండడు.

ఆ పూట ఆయన చెయ్యి తడకల మీద ఉంది, మనసు ఇంటి దగ్గర మొరం కుప్ప మీద ఉంది. నిన్న సాయంత్రం బండివాడు తెచ్చి పెరట్లో పోసి పోయాడు. దానితో, అక్కడ తాను కడుతున్న తిన్నె నడిమి గుంత పూడ్చేస్తే పని అయిపోయినట్టే. భార్య గిరిజమ్మను ఇవాళ పొద్దుగూకేలోపల అక్కడ కూర్చోబెట్టాలి.

బంగ్లా తోట మధ్యలో ఒక గుండ్రని మంటపం ఉంది. తెల్ల రంగు వేసిన కర్ర గుంజలు, పైన గొడుగులాంటి కప్పు, గుంజలకు అల్లుకున్న తీగ. దొరలు దాన్ని ఏదో పేరుతో పిలిచేవారు, అది రేవణప్పకు నోరు తిరగలేదు. నౌకర్లందరికీ అది గోల్ చావడి. అందులో రోజూ ఊడ్చేది రేవణప్ప, కుర్చీలు వేసేది రేవణప్ప, కప్పులు తీసేది రేవణప్ప. ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోవాలని ఆయనకే తోచలేదు.

పెళ్లయిన కొత్తలో గిరిజమ్మ ఒకనాడు సద్ది పట్టుకుని గేటు దాకా వచ్చింది. లోపల చావడిలో ఎవరో ఇంజనీరు, ఆయన భార్య ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నారు. గిరిజమ్మ గేటు ఊచలు పట్టుకుని చాలాసేపు చూసింది. "మొగడు పెండ్లాం గంతసేపు ఏం మాట్లాడుకుంటరో" అంది. అంతే, మళ్లీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. రేవణప్ప మాత్రం మర్చిపోలేదు. తమ ఇంట్లో ఆయన తిన్నాక ఆమె తినడం, ఆయన పడుకున్నాక ఆమె పడుకోవడం. పుట్టిన పిల్లలు నిలవలేదు. ఎదురుగా కూర్చోవలసిన పని ఇద్దరికీ ఎన్నడూ పడలేదు.

ఇప్పుడు ఆమెకు ఆయాసం. కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవారుస్తుంది. గిలక తిరిగినట్టు ఆమె రొమ్ములో చప్పుడు. దవాఖానలో డాక్టరు మందిచ్చి, గాలి బాగా తగిలేచోట కూర్చోబెట్టమన్నాడు. రేకుల ఇల్లు, చైనా యుద్ధం అయిన మరుసటి ఎండాకాలం, అదేమి ఎండో, గాలి ఎక్కడ తగులుతుంది. అప్పుడు పుట్టింది రేవణప్ప బుర్రలో ఆలోచన. పెరట్లో గోల్ చావడి కట్టాలి, తానే కట్టాలి.

మొక్కలు నాటే మనిషికి గుంజలు నాటడం ఎంతపని అనుకున్నాడు. గూటం పాతి, తాడు కట్టి, గుండ్రంగా గీత గీశాడు. ఆ గీత మీద గుంజలు ఎన్నో తేల్చుకోలేకపోయాడు. బంగ్లాలో లెక్కపెట్టి వస్తే ఇంటికి చేరేసరికి ఆరో ఎనిమిదో కలగాపులగం అయ్యేది. చివరకు ఓవర్సీరు దయతలచి పాత వరండా తీసేసినప్పటి టేకు గుంజలు ఇస్తే, అవి నాలుగే. నాలుగు గుంజలతో గుండ్రం రాదని పాతాక తెలిసింది. సరే, చతురస్రమే అయింది, పేరు మాత్రం ఆయన మార్చలేదు. చుట్టూ ఎర్రరాయి పేర్చి తిన్నె లేపాడు. నడుమ పోయడానికి మొరం చాలక అక్కడ గుంత మిగిలింది. చెదలు పట్టకుండా గుంజలకూ తిన్నెకూ సున్నం కొట్టాడు. పైన గడ్డి కప్పు నాలుగు వాలులూ కలిసేచోట వాన కారుతుందని ఒక కుండ బోర్లించాడు. ఆ కుండకూ సున్నం పూశాడు, ఎండకు పగలకుండా.

కట్టడం మొదలైనప్పటి నుంచీ జనం తీరే ఆయనకు అర్థం కాలేదు. దారినపోయేవాళ్లు ప్రహరీ దగ్గర ఆగి, చూసి, మాట తగ్గించి వెళ్లిపోతున్నారు. పక్కింటి నారమ్మ కన్నీళ్లు తుడుచుకుంటూ, "మంచి పని జేస్తున్నవ్ అన్నా" అని లోపలికి పోయింది. చావడి కడితే ఏడుపెందుకో. గిరిజమ్మ కూడా గుమ్మం దగ్గర నుంచే చూసేది. "నెమ్మదిగ కట్టు, తొందరేమున్నది" అనేది. ఒకనాడు, "ఉత్తరం దిక్కు జర విడిచిపెట్టు, బాట కనబడుతది" అంది. ఆమెకు కూడా చావడి మీద మనసు పుట్టిందని ఆయన పొంగిపోయాడు.

మధ్యాహ్నం సెలవడిగి ఇంటికి వచ్చాడు. గిరిజమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. లేపకుండా పెరట్లోకి పోయి, గంపతో మొరం ఎత్తి గుంతలో పోయసాగాడు. సగం పూడేసరికి వెనక దగ్గు వినిపించింది. సంగయ్య, వాళ్ల ఇళ్లలో తంతులు జరిపించే జంగమయ్య, భుజాన జోలెతో నిలబడి ఉన్నాడు. రేవణప్ప గంప దించి, చేతులు దులుపుకుని దండం పెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ రేవణప్పా?"

"పూడుస్తున్న అయ్యగారూ. మన్ను చాలక ఇన్నొద్దులు గిట్ల ఉండె."

సంగయ్య ఇంటివైపు చూసి గొంతు తగ్గించాడు. "గిరిజమ్మకు జర నయమైందా?"

"ఏడ నయం. గట్లనే ఉన్నది."

"మరి ఇప్పుడు పూడిస్తే మళ్ల తియ్యాలె గద."

"మళ్ల ఎందుకు తీస్త?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సంగయ్యకు కోపం రాలేదు, జాలి వచ్చింది. "గూడు ఏ దిక్కు తొల్వాల్నో చెప్పిపోదామనే వచ్చిన. ఉత్తరం మొకాన ఉండాలె. ఇంకెవరినన్న అడిగినవా?"

గూడు అన్న మాటతో రేవణప్పకు సంగతి తట్టింది. మెడలో లింగం కట్టుకునే వాళ్లలో పోయినవారిని పడుకోబెట్టరు. గుంత తవ్వి, లోపల ఒక పక్కకు గూడు తొలిచి, అందులో కూర్చోబెట్టి, అరచేతిలో లింగం పెట్టి, విభూతి, మారేడాకులు పోసి పూడుస్తారు. స్తోమత ఉన్నవాళ్లు సొంత జాగాలోనే, పైన తెల్లని తిన్నె లేపి, నాలుగు స్తంభాలు నిలిపి, శిఖరాన కలశం పెడతారు. దాన్ని గద్దిగె అంటారు. రేవణప్ప తల తిప్పి, తాను ఇన్నాళ్లుగా కట్టినదాన్ని మొదటిసారి బయటివాడి కళ్లతో చూశాడు. తెల్ల తిన్నె. నాలుగు గుంజలు. నడుమ గుంత. నెత్తిన తెల్ల కుండ.

సంగయ్య ఎప్పుడు వెళ్లిపోయాడో ఆయనకు తెలియలేదు. మిగిలిన మొరమంతా పిచ్చివాడిలా ఎత్తిపోశాడు, కాళ్లతో తొక్కాడు, నీళ్లు చల్లి దిమ్మెసతో గట్టిగా కొట్టాడు. ఊరంతా అనుకుంటే అనుకోనీ, ఆమె చెవిన పడలేదు కదా అని ఒకటే గుబులు. చేతులు కూడా కడుక్కోకుండా లోపలికి పోయాడు. గిరిజమ్మ కళ్లు తెరిచి ఉంది.

"అంత విన్న" అంది.

"అయ్యగారు తప్పు అనుకున్నడు. ఊరోళ్లు గూడ గట్లనే అనుకుంటున్నరేమో."

"నేను గూడ గట్లనే అనుకుంటి."

రేవణప్ప మన్ను చేతులు అంగీకి తుడుచుకున్నాడు. "అడగకపోతివి?"

"అడిగితే నువ్వు ఏడుస్తవని." ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మరి నేనేమనుకోవాలె? తిన్నె లేపినవ్. నడుమ గుంత ఉంచినవ్. మీద కలశం బెట్టినవ్."

"అది కుండ. వాన కారొద్దని."

"సున్నం గొట్టినవ్."

"చెదలు పట్టొద్దని."

ఉత్తరం దిక్కు విడవమన్నది ఎందుకో, తొందరేమున్నదని అన్నది ఎందుకో ఇప్పుడు ఒక్కొక్కటే తెలిసివస్తుంటే ఆయనకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఇంత కాలం తన గోతిని తానే చూస్తూ, సలహాలు చెబుతూ కూర్చుందీ మనిషి. "నా మీద కోపం రాలేదా?" అని అడిగాడు.

"కోపమెందుకు? మన అసొంటోళ్లల్ల పెండ్లానికి గద్దిగె కట్టినోడు ఎవడున్నడు? నారమ్మకు జెప్పుకుంటి గూడ." ఆమె చీర అంచు వేలికి చుట్టుకుంటూ, "మరి దేనికి కట్టినవ్?" అంది.

చెప్పడానికి ఆయనకు సిగ్గేసింది. యాభై దాటిన మనిషి గోడవైపు చూస్తూ చెప్పాడు. "కూసుండి చాయ్ తాగనీకె. బంగ్లల తాగుతరు గద, గట్ల."

గిరిజమ్మ నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది. గద్దిగె కాదన్నందుకు ఆమె సంతోషించిందో, చిన్నబుచ్చుకుందో రేవణప్పకు అంతుపట్టలేదు. అడిగే ధైర్యం కూడా లేకపోయింది. "అయితే చాయ్ ఎవరు జేస్తరు?" అని ఆమే అంది.

చాయ్ ఆయనే చేశాడు. బెల్లం ఎంత వెయ్యాలో తెలియక చేతికొచ్చినంత వేశాడు. ఎండ వాలాక ఆమెను పట్టుకుని పెరట్లోకి నడిపించాడు. ఒక చేయి ఆయన భుజం మీద, రెండో చేతిలో ఈతాకు విసనకర్ర. తిన్నె ఎక్కించి, గుంజకు దుప్పటి మడత ఆనించి కూర్చోబెట్టాడు. తాను ఎదురు గుంజ దగ్గర కూర్చున్నాడు. చెరుకు తోటల మీదుగా గాలి వచ్చింది. గడ్డి కప్పు గలగలలాడింది. గిరిజమ్మ విసనకర్ర పక్కన పెట్టేసింది.

చాయ్ ఒక గుక్క తాగి, "నువ్వు జేసినవని తెలుస్తున్నది" అంది. అయినా అడుగు దాకా తాగింది. తరువాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. రేవణప్ప కప్పును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి ముందు ఇంత బిడియమేమిటో ఆయనకే వింతగా ఉంది.

"వాళ్లు ఏం మాట్లాడుకుందురు?" అని అడిగింది ఆమె.

"ఎవరు?"

"బంగ్లల. నువ్వు నీళ్లు పెట్టుకుంట ఇంటుంటివి గద."

ఆయన ఆలోచించాడు. "బదిలీ కాలేదని. వంటోడు సరిగ చేస్తలేడని. దోమలని."

"గంతేనా."

"గంతే."

"నేను ఏమో అనుకుంటి ఇన్నేండ్లు" అని గిరిజమ్మ గుంజకు తల ఆనించి, ఉత్తరం వైపు బాటను చూస్తూ ఉండిపోయింది. ఒక లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. కాసేపటికి ఆమె కళ్లు మూతలు పడ్డాయి. రేవణప్ప చప్పుడు చేయకుండా దిగి, గంప, దిమ్మెస, తాడు సర్దుకోసాగాడు. ఎంతకాలానికో ఆమె రొమ్ములో గిలక చప్పుడు వినిపించడం లేదు. డాక్టరు చెప్పింది నిజమే, గాలి తగిలితే నయమవుతుందని ఆయన కడుపు నిండిపోయింది. దీపం వేళ అయినా లేపలేదు. రాత్రి గాలికి చలేస్తుందేమోనని ఇంకో దుప్పటి కప్పబోయి, ఆమె చల్లని చేయి పట్టుకున్నప్పుడు తెలిసింది.

నారమ్మ వచ్చింది, వాడ వచ్చింది, సంగయ్య వచ్చాడు. లాంతర్లు పెట్టారు. ఎవరి నోట విన్నా ఒకటే మాట, రేవణప్పకు ముందే తెలుసు, అందుకే కట్టాడు అని. కాదని చెప్పబోయి ఆయన ఆగిపోయాడు. ఏమో, తనకు తెలియకుండానే తన చేతులకు తెలిసిందా అన్న అనుమానం వచ్చింది. తాను కట్టింది ఏమిటో ఆ ఒక్క నిమిషం ఆయనకు నిజంగా తెలియలేదు.

"పూడ్చిన మన్ను పచ్చిగనే ఉన్నది. తెల్లారంగనే తియ్యమంట" అన్నాడు సంగయ్య మెల్లగా. "ఈడనే కూసున్నది గద. ఇంతకంటె పుణ్యమేమున్నది?"

"నాకు ఎంత గొప్పగ జెప్పుకున్నదో. నా మొగడు నాకు గద్దిగె కడుతున్నడని" అని నారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రేవణప్ప గిరిజమ్మ ముఖంలోకి చూశాడు. ఆమెకు ఏది ఇష్టమో అడగవలసిన మాట మధ్యాహ్నం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. గద్దిగె ఇస్తే గొప్పదనం దక్కుతుంది, కానీ ఆ చాయ్, ఆ నవ్వు, ఆ ఎదురుబొదురు కూర్చోవడం అన్నీ లేనట్టే అవుతాయి. ఆయనకు ఏడుపు పొంగుకొచ్చింది, ఆపుకోలేదు. ఏడుస్తూనే చెప్పాడు.

"ఈడ తవ్వొద్దు అయ్యగారూ. ఈడ బతికి కూసున్నది. ఒక్క పూటనే కూసున్నది. అందరిని పెట్టేకాడనే పెట్టున్రి."

తాను చెప్పింది ఒప్పో తప్పో ఆయనకు ఇంకా తెలియదు. సంగయ్య తవ్వేవాళ్లను ఊరి బయటి జాగా చూడమన్నాడు.

మర్నాడు ఊరి బయట గిరిజమ్మను పూడ్చి వచ్చి, అందరూ స్నానాలు చేసి, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాక రేవణప్ప పెరట్లోకి వచ్చి, తిన్నె ఎక్కకుండా బయటే నిలబడ్డాడు. చెరుకు తోటల మీదుగా గాలి వస్తోంది. ఆ గాలికి, తిన్నె మీద గిరిజమ్మ వదిలేసిన ఈతాకు విసనకర్ర కొద్దిగా జరిగి, గుంజను ఆనుకుని ఆగింది.