కత్తిరించిన ముక్క

ద్రాక్షతోటలో కూలికి పోయే పద్మమ్మ ఛాతీ మీది ఈసీజీ రబ్బరు బుడగలను గౌరయ్య ఒక్కొక్కటే ఊడదీసి, జెల్లీ మరకలు గుడ్డతో తుడిచాడు. ఆమె చీర సర్దుకుంటుంటే తను కత్తెర, జిగురు ముందేసుకున్నాడు.

మేడ్చల్ బస్టాండు వెనక నర్సింగ్ హోంలో పదకొండేళ్లుగా అతని పని ఇదే. ఈసీజీ తీయడం, పొడుగు కాగితాన్ని ముక్కలు చేసి అట్ట మీది పన్నెండు ఖాళీల్లో అతికించడం. ఒక్కో ఖాళీలో గుండె మూడుసార్లు కొట్టుకున్నంత మేరే పడుతుంది. శుభ్రంగా ఉన్న ముక్కలే పెట్టాలని డాక్టర్ వీరభద్రం ఆజ్ఞ, మిగతాది చెత్తబుట్టకు. గౌరయ్య అట్ట పెళ్లిపత్రికలా ఉంటుందని ఆయన పదిమందికీ చూపించుకుంటాడు. మెప్పు అంతవరకే.

ఆ చెత్తబుట్టే గౌరయ్య బడి అని ఆయనకు తెలియదు. ఎవరో కుర్ర డాక్టరు వదిలేసిపోయిన ఇంగ్లీషు పుస్తకంతో, తెలుగు మీడియం పదో తరగతి చదువుతో, బొమ్మకు బొమ్మ పోల్చుకుంటూ ఆరేళ్లు కుస్తీ పట్టాడు. ఏ గుండె పరుగెడుతోందో, ఏది తడబడుతోందో, దేనికి గుండెను నడిపే బ్యాటరీ మిషను పెట్టాలో పట్టుబడింది. పట్టుబడి ఏం లాభం, అడిగే నాథుడు లేడు.

ఇవాళ కూడా చెయ్యి అలవాటుగా కత్తిరించుకుంటూ పోయింది. అట్ట పూర్తయ్యాకగానీ పారేయబోయే ముక్క కంటబడలేదు. గీత మూడుసార్లు లేచింది. తర్వాత ఇరవై పెద్ద గళ్లు, అంటే నాలుగు సెకన్లు, చదునుగా సాగింది. ఆ పైన మళ్లీ ఒక్కసారి లేచింది. ద్రాక్షతోటలో మూడుసార్లు తూలిపడ్డానని ఆమె చెప్పిన మాట గుర్తొచ్చింది. గబగబా వెళ్లి నాడి పట్టుకున్నాడు. కాసేపటికి అదీ ఆగి, మళ్లీ కొట్టింది. గౌరయ్య అట్టనూ ఆ ముక్కనూ పట్టుకుని డాక్టరు గదిలోకి పరుగెత్తాడు.

"సార్, గామె గుండె ఆగి ఆగి నడుస్తాంది. జల్దీ పట్నం పంపాలె."

వీరభద్రం అట్ట వంకే చూశాడు. "ఇంత మంచిగుంది గదయ్యా. మిషన్ల సూది మల్ల ఇరికినట్టుంది."

"సూది గాదు సార్. నాడి వట్టి సూసిన, అది గూడ ఆగింది."

"తీసుడు నీ పని, సదువుడు నాది. పో."

గ్యాస్ మాత్రలు రాసిచ్చాడు. గౌరయ్యకు కోపం ముంచుకొచ్చింది. డాక్టరు మీద ఎంతో, తన కత్తెర మీద అంతకు రెట్టింపు.

వరండాలో ఆ ముక్క పద్మమ్మ చేతిలో పెట్టాడు. "అక్కా, గిది పట్టుకొని ఇయ్యాలనే పట్నం పెద్ద దవాఖానకు పో. బ్యాటరీ పెడ్తరు, మంచిగైతది."

"సారు గ్యాసన్నడు గద తమ్మీ. నువ్వు మిషన్ నడిపేటోనివి, నీకెట్ల ఎర్కైతది?" ఆమె నవ్వింది. "రేపు తోటల కాయ కోసుడుంది. అయినంక పోత."

అయినా అతని మొహం చూసి కాదనలేక కాగితాన్ని కొంగున ముడేసుకుని, తన ఊరికి పోయే శామీర్‌పేట బస్సెక్కింది. గౌరయ్య లోపలికొచ్చి ఇంకో ఆరు అట్టలు అతికించాడు.

పొద్దుగూకేవేళ పద్మమ్మ కొడుకు జనార్ధన్ వచ్చాడు. డాక్టరు అప్పటికే వెళ్లిపోయాడు.

"అన్నా, మా అమ్మ బస్సు దిగుకుంటనే పడ్డది. ఇగ లేవలే." చొక్కా జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. "కొంగుల గిదుండె. బస్సు టికెట్ అనుకున్న. ఏంది గిది?"

ఆరేళ్లు చదివిన చదువును మొదటిసారి ఒకరు అడిగారు; గౌరయ్య చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టేశాడు. జనార్ధన్ ఆ కాగితాన్నీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

కత్తెర పక్కన, ఆమె కొంగు పసుపంటిన ఆ ముక్క మడతలు విప్పుకుంటోంది. గీత మూడుసార్లు లేచి, ఇరవై గళ్లు చదునుగా సాగి, చివర ఒక్కసారి లేచి ఉంది.