హ్యూయీ మూల

గ్రీనక్ అనే ఆ ఓడరేవు ఊళ్ళో వాన ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. డిసెంబరు ఆఖరి రోజున మాత్రం ఆ వానలోనే ఊరంతా మాంసం కొట్ల ముందు వరస కడుతుంది. మర్నాడు, కొత్త సంవత్సరం మధ్యాహ్నం, స్టీక్‌పై అనే వంటకం లేని భోజనాల బల్ల ఆ ఊళ్ళో ఉండదు. పిండి మూత కింద చిక్కటి గ్రేవీలో మెత్తగా ఉడికిన గొడ్డుమాంసం, పక్కన బంగాళాదుంప ముద్ద, బఠాణీలు. అంత వండే ఓపిక ఎవరికుంది? ఇంట్లో ఉన్న పళ్ళెమే రెండ్రోజుల ముందు పట్టుకెళ్ళి కొట్టువాడికి ఇస్తారు. అతను అందులో ఉడికించిన మాంసం నింపి, పైన పచ్చి పిండి మూత వేసి ఇస్తాడు. తెచ్చుకుని ఓవెన్‌లో పెట్టుకోవడమే. ఇందులో ఎవరికీ నామోషీ లేదు.

నామోషీ అంతా సెంగా అత్తవారింట్లోనే కాపురం పెట్టింది. అత్తగారు బెల్లా, కొన్న స్టీక్‌పై తన గడప తొక్కడానికి వీల్లేదని శాసించి, బతికున్నన్నాళ్ళూ తనే చేసింది. ఆవిడ పోయాక నీలి అంచు ఎనామెల్ పళ్ళెమూ, ఆ శాసనమూ రెండూ సెంగాకి వచ్చాయి. శాసనానికి కాపలా ఆడపడుచు మోయిరా. "కొన్నది తినేవాళ్ళకి ఇల్లెందుకూ, హోటల్లో ఉంటే సరిపోదూ?" అంటుంది. మరి తను చెయ్యొచ్చుగా అంటే, మోయిరా ఓవెన్ ఏళ్ళ తరబడి సరిగ్గా వేడెక్కదు. ఆ ఓవెన్‌లో కేకులు మాత్రం బ్రహ్మాండంగా పొంగుతాయి.

అలా సెంగా ప్రతి ఏడూ వండింది. ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లు లాగి లాగి మణికట్టు వాచిన చేత్తోనే మాంసం తరిగేది, పిండి పిసికేది. అందులో తను ఎవరికీ చెప్పకుండా చేసే పని ఒకటుంది. మామగారు హ్యూయీ ఓడల కార్ఖానాలో ఇనుప రేకులకి రివెట్లు కొట్టి కొట్టి చెవులు పోగొట్టుకున్న మనిషి. కట్టుడు పళ్ళున్నాయి గాని చిగుళ్ళు కోసేస్తాయని అవి ఎప్పుడూ గ్లాసులోనే ఉంటాయి. నమలలేనని ఒప్పుకోవడానికి ఆయనకి పౌరుషం అడ్డం. అందుకని సెంగా పళ్ళెంలో ఒక మూలకి మాంసం గోరంత ముక్కలుగా తరిగి వేసేది. ఆ మూల ఏదో తెలియడానికి పిండి అంచు మీద బొటనవేలితో ఒక నొక్కు నొక్కేది. వడ్డించేటప్పుడు ఆ మూల హ్యూయీ కంచంలోకి వెళ్ళేది. ఆయన మాట్లాడకుండా తినేవాడు. ఎవరికీ తెలియని పని కాబట్టి దానికి మెప్పు కూడా రాలేదు.

ఈ ఏడు లాండ్రీలో సగం మంది జ్వరాలతో పడుకున్నారు. మిగిలిన సగం రెండేసి డ్యూటీలు చేశారు. డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికొచ్చిన సెంగా వంటింట్లో నిలబడి ఎనామెల్ పళ్ళెం వంక చూసింది. దాన్ని చూస్తేనే ఏడుపొచ్చింది. కోటు విప్పకుండానే దాన్ని సంచిలో పెట్టుకుని మెక్‌క్రిండిల్ కొట్టుకి వెళ్ళింది. పళ్ళెం మనదే, ఓవెన్ మనదే, వాసన మన వంటింట్లోంచే వస్తుంది. ఎవరికి తెలుస్తుంది?

మెక్‌క్రిండిల్ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది బెల్లా పళ్ళెం కదూ? ఏం పిల్లా, ఆవిడ పైనుంచి చూసిందంటే నా కొట్టు మీద పిడుగేస్తుంది."

"ఆవిడకేం, హాయిగా పడుకునుంది. నిద్ర లేనిది నాకు. కాస్త నెమ్మదిగా మాట్లాడు మహానుభావా, వెనకాల సగం వీధి ఉంది."

"సాసేజీలు వెయ్యనా?"

"వద్దు. మా ఇంట్లో వెయ్యం."

"ఇంకేమన్నా చెప్పాలా?"

ఏదో చెప్పాలి. సెంగాకి ఆ సంగతి తెలుస్తూనే ఉంది, కాని ఏమిటో అందడం లేదు. బుర్రలో తడి దుప్పట్లు తప్ప ఏమీ లేవు. "అంతే" అని వచ్చేసి, ఇల్లు చేరగానే బూట్లతోనే మంచం మీద వాలిపోయింది.

ఆఖరి రోజున వరసలో నిలబడి, బరువైన పళ్ళేన్ని సంచిలో దాచుకుని, ఆ నిటారు వీధి ఎక్కింది. గ్రీనక్‌లో ఏ ఇంటికి పోవాలన్నా ఎక్కాల్సిందే. మెట్ల దగ్గర మొగుడు లాకీ ఎదురుపడి సంచి ఏమిటని అడిగాడు. బంగాళాదుంపలు అంది. లాకీ మంచివాడు, చెప్పింది నమ్ముతాడు. ఒక్కోసారి అంత నమ్మకపోతే బాగుండుననిపిస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం బల్ల చుట్టూ అందరూ చేరారు. కిటికీ పక్కన హ్యూయీ, ఆయన ఎదురుగా మోయిరా, ఆవిడ కొడుకులిద్దరూ, లాకీ. మూత బంగారు రంగులో పొంగింది. దొరికిపోతే మోయిరా నోటికి వచ్చే ఏడాది దాకా మేత దొరికినట్టే. గరిటె దింపే ముందు సెంగా అలవాటుగా అంచు మీద నొక్కు కోసం వెతికింది.

అంచంతా ఒక్కలాగే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, కొట్టులో చెప్పాల్సిన మాట. ప్రాణం ఉసూరుమంది. ఎటు గుచ్చినా పిడికెడేసి ముక్కలే తగులుతున్నాయి. ఉన్నవాటిలో చిన్నవి ఏరి, గ్రేవీ ఎక్కువ పోసి, హ్యూయీ కంచంలో వడ్డించింది.

మోయిరా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అబ్బ! అచ్చం అమ్మ చేతి రుచే. ఏటా ఒక్కలాగే కుదురుతుంది నీకు. కొట్లలో ఇలాంటిది వస్తుందా చెప్పు?"

"ఎక్కడొస్తుంది" అన్నాడు లాకీ, రెండోసారి వడ్డించుకుంటూ. "సెంగా సంగతి తెలిసిందేగా."

గండం గడిచింది, ఊపిరి పీల్చుకోవాలి. కాని సెంగా చెంచా కింద పెట్టేసింది. ఒక్కరంటే ఒక్కరు గుర్తుపట్టలేదు. ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని వండినదీ, నోరెత్తకుండా కొనుక్కొచ్చినదీ వీళ్ళ నాలుకకి ఒక్కటే. పోయిన ఏడు అన్న మాటలే ఈ ఏడూ అన్నారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తన చెయ్యి ఇందులో లేదేమని ఒక్కరైనా అడగకూడదా?

హ్యూయీ వంక చూసింది. ఆయన మూత ముక్కని గ్రేవీలో నానబెట్టుకుని తింటున్నాడు. మాంసం ముక్కలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. దవడ మాత్రం కదలడం లేదు.

భోజనాలయ్యాయి. అందరూ టీవీ ముందు చేరారు. సెంగా గిన్నెల దగ్గర నిలబడింది, నిలబడలేక సింకుకి ఆనుకుంది. వెనకే చెప్పులు ఈడ్చుకుంటూ హ్యూయీ వచ్చాడు. తలుపు దగ్గర అటూ ఇటూ చూసి, స్వెటర్ జేబులోంచి కాగితం రుమాలు మూట తీసి గట్టు మీద విప్పాడు. మాంసం ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి, ఒక్కటి కూడా తగ్గకుండా.

"నాన్నా, నన్ను క్షమించు" అంది సెంగా. పెళ్ళయిన నాటినుంచి మొగుడితో పాటు తనూ ఆయన్ని నాన్నా అనే పిలుస్తుంది. ఆయనకి వినపడలేదు. ఆమె చెవి దగ్గరికి వంగి రహస్యం చెప్పాడు. రివెట్లు కొట్టిన చోట నేర్చుకున్న రహస్యం అది, కిటికీ అద్దాలు అదిరాయి.

"వచ్చే ఏడు కూడా కొట్టులోనే కొనుక్కురా పిల్లా! నువ్వు బాగా నలిగిపోయావు! నా మూల మాత్రం చిన్నగా తరగమని వాడికి చెప్పు!"

ముందుగదిలో ఎవరో టీవీ గొంతు తగ్గించారు. మోయిరా గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"కొన్నదా?"

పెద్దాయన ఏదో అంటున్నాడులే అనే అబద్ధం సెంగా నాలుక చివరే ఉంది. కాని దాన్ని బయటికి తేవడానికి కూడా ఓపిక లేదు.

"కొన్నదే, మోయిరా."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏమనేదానివి?"

మోయిరా గట్టు మీది మూటకేసి చూసింది. "ఇదేంటి? నాన్న మూలేంటి?"

ఆ మాటని హ్యూయీ ఆమె పెదవులు చూసి పట్టాడు.

"మీ అమ్మ పోయినప్పటినుంచీ నా వాటా విడిగా తరుగుతోంది ఈ పిల్ల. అంచు మీద వేలితో నొక్కి గుర్తు పెడుతుంది. నేను ఎరగననుకుంది. ఇవాళ పళ్ళెం బల్ల మీదికి రాగానే చూశా, ఆ గుర్తు లేదు. ఆహా, దీని పని అయిపోయింది, ఇక నిలబడలేక కొట్టులో కొనుక్కొచ్చింది అనుకున్నా."

సెంగా కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే చేతులకి సబ్బు నురగ.

"మీరందరూ లొట్టలేశారు" అన్నాడు హ్యూయీ. "నాకు కడుపు కాలుతోంది. ఒక గుడ్డు ఉడకబెట్టి, రొట్టె కాస్త పాలల్లో నానేస్తే చాలు."

సెంగా చటుక్కున చేతులు దులుపుకుని ఫ్రిజ్ వైపు తిరిగింది. ఆయన భుజం పట్టుకుని ఆపాడు, కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

"నువ్వు కాదు. మోయిరా, నువ్వు చెయ్యి."

మోయిరా తండ్రి వంక గాని, సెంగా వంక గాని చూడకుండా స్వెటర్ చేతులు పైకి మడిచి, గుడ్లు ఎక్కడున్నాయని అడిగింది. రెండో అరలో అని చెప్పింది సెంగా. గిన్నె? పొయ్యి పక్కన. ఎంతసేపు ఉడకాలి? మెత్తగా కావాలి, ఎక్కువసేపు ఉంచకు.

ముందుగదిలోంచి లాకీ కేక వినిపించింది. "సెంగా, ఆ పళ్ళెంలో ఇంకా ఏమన్నా మిగిలిందా?"

సెంగా ఒక కాలి బూటు విప్పి, తర్వాత రెండోది కూడా విప్పింది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.